వద్దనడం రాని రెండు ఇళ్లు

ఆ ఆదివారం ఉదయం యున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మకు కుడుములు చుట్టడంలో కాస్త సాయం చేసి, వైద్య కళాశాల ప్రవేశ పరీక్షకు చదువుకోవాలి. అమ్మానాన్నలు చైనా నుంచి వచ్చి కిర్గిజ్ దేశ రాజధాని బిష్కెక్ బజార్లో కర్టెన్లు అమ్ముతారు. యున్ ఇక్కడే పుట్టింది. అమ్మ షూఫెన్‌కు బేరానికి సరిపడా తప్ప కిర్గిజ్ మాట రాదు కాబట్టి ఇంట్లో దుబాసీ యున్నే. కిర్గిజ్ ఆచారాలన్నీ తనకు కొట్టినపిండి అని ఆ పిల్లకు కొంచెం గర్వం కూడా ఉంది.

తలుపు తట్టింది అదే అంతస్తులో ఉండే ఎదురింటి బురుల్. చేతిలో చిన్న డబ్బా ఉంది.

"పిల్ల పెద్దదైంది కదా, ఇది ఉంచండి" అంది.

"అయ్యో, ఎందుకక్కా ఇవన్నీ" అని షూఫెన్ వద్దంది. మళ్లీ వద్దంది. మూడోసారి కూడా వద్దని, అప్పుడు తీసుకుంది. ఇచ్చినవాళ్ల ముందే తెరిస్తే ఆబగా ఉంటుందని తిన్నగా బీరువాలో పెట్టేసింది. మనిషిని వట్టి చేతులతో పంపడం కూడా మర్యాద కాదు కనుక ఒక ఎర్ర పట్టు దుప్పటి తీసి బురుల్ చేతిలో పెట్టింది. బురుల్ ముఖం ఎందుకో పాలిపోయింది.

ఆమె వెళ్లాక యున్ డబ్బా తెరిచింది. బంగారు చెవిపోగులు.

"అమ్మా, కొంప ముంచావు. ఇక్కడ అబ్బాయి తల్లి చెవిపోగులిచ్చిందంటే పెళ్లి ఖాయమైనట్టే. పైగా నువ్వు ఎదురు దుప్పటి కూడా పెట్టావు."

"అబ్బాయంటే తలాయా? చిన్నప్పుడు నీ జడ పట్టుకుని లాగేవాడూ?"

"ఆ అన్నయ్యే. నేను డాక్టర్నవ్వాలమ్మా. అతను నడిపే మినీబస్సులో కూర్చుని చిల్లర ఏరుకోలేను."

"అయితే తిరిగిచ్చేద్దాం."

"తిరిగిస్తే మొహాన కొట్టినట్టే" అన్నాడు తండ్రి దేహాయ్. "దీనికి కామెర్లొచ్చినప్పుడు భుజానేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది ఆవిడే. ముందు ఇంకేదైనా పెద్దదిచ్చి మనసు చల్లబరుద్దాం. తరవాత మెల్లగా కాదందాం."

అలా చేపతో సహా ఎనిమిది రకాల వంటలు గడప దాటాయి. వాటిని మోసుకెళ్లిన యున్ మాత్రం కాదనే మాట చెప్పకుండానే తిరిగొచ్చింది. మర్నాడు ఎదురింటి నుంచి గుర్రపు మాంసం సాసేజీలు, ఒక క్యాను గుర్రపు పాలు వచ్చాయి. "వీళ్లు వదిలేలా లేరు" అని షూఫెన్ తన కుట్టుమిషనే పంపేసింది. మెట్ల మీద తలాయ్ ఎదురుపడితే యున్ పైకీ, అతను కిందికీ పరుగెత్తారు. ఆ ఇద్దరూ ఒక్క నిమిషం నిలబడి మాట్లాడుకుని ఉంటే ఈ కథే లేదు.

బుధవారం బురుల్, తలాయ్, కొండల నుంచి దిగిన అతని ముసలి మేనమామ, బతికున్న ఒక గొర్రె నాలుగో అంతస్తు ఎక్కి వచ్చారు. గొర్రెను చూడగానే ఇక ముహూర్తమే పెట్టేస్తారనుకుని యున్‌కు ఏడుపు ఆగలేదు.

"పెద్దమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా. నాకీ పెళ్లొద్దు. నన్ను చదువుకోనీ."

"ఏ పెళ్లే?"

"నువ్వు చెవిపోగులివ్వలేదూ?"

"చేత్తో చెవికి పెడితేనే సంబంధం. డబ్బాలో ఇస్తే బడి చదువు అయిందని బహుమతి. ఇక్కడ పుట్టి ఆ మాత్రం తెలీదా?" అంది బురుల్. "మీరే కదే మావాణ్ణి అడిగింది? ఎర్ర పట్టు మీ పెళ్లిళ్లలో పెడతారటగా. కాదంటే మీ అమ్మ నొచ్చుకుంటుందని, ఏమిచ్చి తప్పించుకోవాలో తెలీక గొర్రె దాకా వచ్చాం."

తలాయ్ గోడకు జారబడి "హమ్మయ్య" అన్నాడు. యున్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆ సంతోషంలో బురుల్ మాటలన్నీ అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇన్నేళ్లుగా ఎవరి మాటనైనా కాస్త మెత్తబరచి చెప్పే పిల్ల, ఆ రోజు ఒక్క ముక్క మార్చలేదు. అక్కడే మళ్లీ కొంప మునిగింది.

"తప్పించుకోవాలా?" షూఫెన్ ముఖం ఎర్రబడింది. "మా పిల్లకేం తక్కువట? అడుగు."

యున్ అడగనని తల అడ్డంగా ఊపింది. షూఫెన్ ఇక తనకొచ్చిన బజారు కిర్గిజ్‌తోనే రంగంలోకి దిగింది.

"నా పిల్ల మంచి సరుకు. మొదటి రకం. బజారంతా తిరుగు, ఇలాంటిది దొరకదు."

బురుల్ నడుం మీద చెయ్యి వేసింది. "మావాడు మాత్రం? తాగడు, సొంత బండి ఉంది. మావాడంటే అంత చేదా, గొర్రెను చూసి కూడా ఏడ్చేంత?"

"అమ్మా, నేను హమ్మయ్యన్నాను" అని తలాయ్ గుర్తుచేశాడు.

"నువ్వు నోర్ముయ్."

మేనమామ గొర్రెను బాల్కనీలో కట్టేసి, "ఎలాగూ వచ్చాం కదా, కూర్చుని మాట్లాడుకోండి" అన్నాడు. షూఫెన్ విసురుగా టీ పోసింది. బురుల్ విసురుగానే తాగింది. పిల్లలిద్దరూ తలుపు దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

యున్ డాక్టరయ్యేదాకా పెళ్లి పెట్టుకోకూడదన్న విషయంలో మాత్రం తల్లులిద్దరూ టీ చల్లారకముందే ఒక్కమాట మీదికి వచ్చారు.