చంద్రుణ్ని ఫొటో తీసేవాడు ఇంటికొకడు కావలెను

ఇంటికొక చంద్రుడి ఫొటోగ్రాఫరు ఉండి తీరాలి. రేషను కార్డు ఉన్నట్టు, కుంపటి ఉన్నట్టు! లేని ఇంటికి ప్రభుత్వమే ఒకణ్ని సప్లై చేయాలని నా డిమాండు. వాడికి పని రానవసరం లేదు. నాలాగా కొత్తగా నేర్చుకుంటున్నవాడైతే మరీ మంచిది. నవ్వుతున్నారా? నవ్వండి. నన్ను చూసి తిరువళ్ళూరులో మా వీధి వీధంతా నవ్వింది, మీరెంత!

అయ్యా, ఒక్క నిమిషం ఆలోచించండి. పేకాట ఆడేవాడు తనతో పాటు ముగ్గుర్ని చెడగొడతాడు. రాజకీయం మాట్లాడేవాడు టీకొట్టు మొత్తాన్ని చెడగొడతాడు. చంద్రుణ్ని ఫొటో తీసేవాడో? ఎవరి జోలికీ పోడు. పొద్దు గుంకగానే మేడెక్కి, మెడ పైకెత్తి, నోరు తెరుచుకొని నిలబడతాడు. మొగుడు ఎక్కడున్నాడో, ఎటు చూస్తున్నాడో ఇల్లాలికి కచ్చితంగా తెలియడం కన్నా సంసారానికి ఇంకేం సుఖం కావాలి?

నేను ఆవడిలో గుమాస్తాను. ఎలక్ట్రిక్ ట్రైన్‌లో నిలబడి పోయి, నిలబడి వచ్చేవాణ్ని. ఒకనాడు పక్కన వేలాడుతున్న పెద్దమనిషి, "చంద్రుడి మీద మనిషి దిగి ఇన్నేళ్లయింది, మనవాడు ఒక్కడైనా కింద నుంచి మంచి ఫొటో తీసినాడా?" అని వాపోయాడు. ఆయన ఎవరో తెలియదు, మళ్లీ కనబడలేదు. ఆ మాట మాత్రం నాకు తగలాల్సిన చోట తగిలింది. దీపావళి బోనసు చేతికి రాగానే మద్రాసు బర్మా బజారుకు పోయి ఒక కెమెరా, దాని నెత్తిన తగిలించే ఫ్లాష్ కొనుక్కొచ్చాను.

ఆ బోనసుతో మిక్సీ వస్తుందని మా అమ్మ గోవిందమ్మ ఆశ పెట్టుకొని ఉంది. కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంరా వెంకటపతీ, ఇది పిండి రుబ్బుతాదా?" అని అడిగింది.

"చంద్రుణ్ని పట్టుకుంటాది మా."

"సరి, పట్టుకొచ్చినాక వాడిచేత రుబ్బించు" అని లోపలికి పోయింది.

ఇక నా మొదటి ఫిలిం రోలు! కొత్తవాళ్లు నెలల తరబడి చేసే తప్పులన్నిటినీ నేను ఒక్క సాయంత్రంలో చేసి ముగించాను. చీకట్లో ఉన్నాడు గదా, పాపం, సరిగ్గా కనబడడేమోనని చంద్రుడి మీద ఫ్లాష్ కొట్టాను. ఆ వెలుతురు చంద్రుడి దాకా పోలేదు గానీ ఎదురు మేడ మీద వడియాలు ఎత్తుకుంటున్న మామి దాకా పోయింది. ఆమెగారి భర్త కిందికి దిగి వచ్చి, నా మీద కోపం చూపకుండా, మా నాన్న పేరు మాత్రం కనుక్కొని వెళ్లాడు. చేయి వణికితే ఫొటో చెడుతుందని ఎవరో చెబితే బియ్యం డబ్బాను మేడ మీదికి మోసుకుపోయి, దాని మీద కెమెరా పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాను. "ఎసరు కాగి కాగి ఇంకిపోతా ఉండాది, ఆ డబ్బా దించండి" అని నా భార్య దేవకి కింది నుంచి చెబుతూనే ఉంది. కళాకారుడికి ఎసరు వినబడుతుందా?

ఆ రోలును మా వీధి చివర స్టూడియో వరదన్‌కు కడగడానికిచ్చాను. వరదన్‌ది పాతకాలపు చేయి. పెళ్లికూతురి బుగ్గన మొటిమ ఉంటే సన్న కుంచెతో మాయం చేసి, పెళ్లికొడుకు వాళ్లకు చూపించదగ్గ మనిషిని చేసి ఇస్తాడు. ప్రింట్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. చూస్తే ఒక్కొక్కటీ నల్లగా, నున్నగా, కడిగిన పలకలాగా ఉంది. చంద్రుడు లేడు!

"నిలా ఏదయ్యా వరదన్?" అన్నాను, చంద్రుణ్ని అరవంలోనే అడిగితే దొరుకుతాడేమోనని.

"నిలావా సార్?" అని వరదన్ బిత్తరపోయాడు. "అన్నింట్లోనూ ఆవగింజంత తెల్లచుక్క ఉండింది. తూసు, దుమ్ము పడినాదని అనుకొని అన్నీ టచింగ్ చేసి మూసేసినాను. మూసింది కంటికి తెలుస్తా ఉందేమో చూడండి సార్."

నిజం చెప్పాలి, తెలియలేదు. రాహువైనా మింగినవాణ్ని కాసేపటికి వదిలేస్తాడు. వరదన్ మింగి, త్రేన్చి, మూతి తుడుచుకున్నాడు. నేను గట్టిగా చెప్పాను, ఇకమీదట నా ఫొటోల్లో తెల్లగా ఏది కనబడినా దాన్ని ముట్టుకోకూడదని. "సరి సార్" అన్నాడు. మాట తప్పే మనిషి కాడు.

ఇంతవరకు లోకానికి జరిగిన మేలు చెప్పాను. ఇంటికి జరిగిన మేలు కూడా వినండి.

మాకు కోకిల అని మూడేళ్ల కూతురు. దాని పుట్టువెంట్రుకలు తిరుత్తణి మురుగనికి ఇస్తామని మొక్కుకున్నాం. దేవకి పుట్టిల్లు ఎలవూరు. ఆ ఇంట్లో ఆడపిల్ల తల ఇచ్చే ముందు పూలజడ వేసి, వెనకాల అద్దం పెట్టి, ముఖమూ జడా రెండూ పడేటట్టు ఫొటో తీయించడం వాడుక. వాళ్లమ్మ ఫొటో, దేవకి ఫొటో ఒకే గోడకు పక్కపక్కన ఉంటాయి. కోకిల పుట్టిన ఏడే మా మామగారు మూడో మేకు కొట్టి ఉంచాడు.

"వరదన్ స్టూడియోకి పోదాం. వాళ్లయితే అద్దాన్ని ఓరగా నిలబెట్టి తీస్తారు" అంది దేవకి.

ఇంట్లో కెమెరా ఉన్నవాడి పెళ్లాం స్టూడియోకి పోవడమా! చంద్రుణ్ని మింగినవాడి చేతికి నా కూతుర్ని ఇవ్వడమా! ఈ రెండు ప్రశ్నలూ అడిగాను. దేవకి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టేనని పెళ్లయిన నాటి నుంచీ నా నమ్మకం.

కొండకు బయల్దేరే రోజు దేవకి తెల్లవారుతూనే పిల్లను ముందు కూర్చోబెట్టుకొని జడ మొదలుపెట్టింది. ఎండ గడపలోకి వచ్చేదాకా లేవలేదు. పిల్ల కదలకుండా ఉండాలని మా అమ్మ బెల్లం ముక్కలు నోట్లో పెడుతూనే ఉంది. అయ్యేసరికి దేవకి వేళ్లు కందిపోయాయి. కోకిల తన జడను తనే చూసుకోవాలని గిరగిరా తిరిగి, అది అందకపోయేసరికి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "చూడు నాయనా, చూడు నాయనా" అంది. నేను ఫ్లాష్‌కు బ్యాటరీలు మారుస్తున్నాను. "ఉండు పాపా, ఫొటోలో చూస్తాను" అన్నాను.

బీరువా తలుపుకున్న అద్దం ముందు పిల్లను నిలబెట్టాను. ఓరగా పెట్టడం, వంచి పెట్టడం నాకు గిట్టవు. వంకర పనులు మా వంశంలో లేవు. అద్దానికి ఎదురుగా, నిటారుగా నిలబడి ఫ్లాష్ కొట్టాను. గదంతా తళుక్కుమంది.

"ఇంకొకటి తీయండి" అంది దేవకి.

"ఒకటి చాలు." మిగిలిన రోలు చంద్రుడిది. ఆనాడు పౌర్ణమి!

"అట్లయితే దీన్ని కడిగించి, జడ పడినాదో లేదో చూసుకొని వచ్చే వారం పోదాం. మొక్కు యాడికీ పోదు."

"సగం రోలు ఎవడైనా కడిగిస్తాడా? కొండ మీద పౌర్ణమి చంద్రుడు మళ్లీ ఎప్పుడు దొరుకుతాడు?" అన్నాను. నెలనెలా దొరుకుతాడన్న సంగతి ఆ సమయానికి నాకు తట్టలేదు.

తిరుత్తణిలో పూలు ఒక్కొక్కటీ తీసి దేవకి చెంగున కట్టుకుంది. మంగలి కత్తి ఆడినంతసేపూ పిల్లను ఒళ్లో అదిమి పట్టుకుంది. గుండుకు చందనం పూశాక కోకిల తల తడుముకొని ఏడ్చింది. నేను అప్పటికే మెట్ల మీద మంచి చోటు వెతుక్కుంటున్నాను. చంద్రుడు తిరువళ్ళూరు దిక్కున ఎర్రగా లేచాడు. రోలు అయిపోయేదాకా తీశాను.

ప్రింట్లు తీసుకోవడానికి పోతే వరదన్ ముఖం చేటంత ఉంది.

"సార్, ఈసారి నిలా పడిపోయినాడు" అన్నాడు.

కొండ మీద తీసినవన్నీ ఆవగింజలే. ఒక్కదాంట్లో మాత్రం, అబ్బబ్బా, ఏం చంద్రుడు! తాంబాళమంత! తెల్లగా, గుండ్రంగా, చుట్టూ వెలుగు గుడికట్టి ఉంది. దాని ముందు కోకిల బెల్లం చప్పరిస్తూ నవ్వుతోంది. వెనక బీరువా తలుపు. నేను నిటారుగా కొట్టిన ఫ్లాష్ అద్దంలో నుంచి నిటారుగానే తిరిగొచ్చి, జడ కనబడాల్సిన చోట పూర్ణచంద్రుడై కూర్చుంది.

"నేను ముట్టుకోనే లేదు సార్. మీరు చెప్పినారు గదా" అన్నాడు వరదన్. షోకేసులో పెట్టుకోవడానికి ఒక కాపీ అడిగాడు కూడా.

పాఠకులారా, నేను గెలిచాను! కెమెరా పట్టిన ఏడాదిలోపే నిండు చంద్రుణ్ని పట్టాను, అదీ ఇంట్లోనే, పగటిపూట! మన వైపు నుంచి ఈ పని ఇంకెవరైనా చేశారా?

ఇంటికి తెచ్చి చూపించాను. అమ్మ మెచ్చుకుంది. దేవకి ఫొటోను వెలుతురుకు పట్టుకొని చూసింది, తిప్పి వెనక వైపు కూడా చూసింది, కోకిల చేతికిచ్చింది. కోకిల వెతికి వెతికి, గుండు తడుముకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"నాయనా, నా జడ ఎట్లుండింది?"

చంద్రుడి గురించి అడిగి ఉంటే గంటసేపు చెప్పేవాణ్ని. మల్లెపూలు అని మొదలుపెట్టి ఆగిపోయాను. అవి మల్లెలో, జాజులో నాకు తెలియదు. మధ్యలో ఏ రంగు పూలు పెట్టారో తెలియదు. కుచ్చులు ఉన్నాయో లేవో తెలియదు. 

దేవకి నా వైపు ఒకసారి చూసి, పిల్లను ఒళ్లోకి లాక్కొని తనే చెప్పడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చొని విన్నాను. చాలా బాగుండిందట.