తంగేడు కింద తీగ

ఆ ఉదయం ఆఫీసు తోటమాలి పెట్టుకున్న పని ఒక్కటే: తంగేడు పొదల జోలికి ఎవరినీ పోనివ్వకపోవడం.

ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో అతనికి కొట్టిన పిండి. కుళాయి పక్క తడిలో వావిలి, గోడ నీడన అడ్డసరం, గేటు ముందు మండుటెండలో తంగేడు పెట్టాడు. మొదటి రెండూ ఏపుగా పెరిగాయి. తంగేడు మాత్రం పసుపు పూలు పూయాల్సింది పోయి, ఆకులే పసుపు చేసుకుంది. వచ్చేపోయేవాళ్ళు జాలిపడి సీసాల్లో మిగిలిన నీళ్ళన్నీ దాని మొదట్లో పోస్తున్నారు. నెల తిరిగేసరికి ఛైర్మన్ వస్తాడు. ఆయన పెదవి విరిస్తే పొదలు పీకి పచ్చిక పరుస్తారు; తోటమాలి గోదాములో పెట్టెలు మోస్తాడు.

అందుకే "నీళ్ళు పోయవద్దు" అని బోర్డు పాతాడు.

"ఎందుకు పోయకూడదట?" అని అకౌంటెంటమ్మ గేటు దగ్గర కాపలాదారుని అడిగింది. అతను తోటమాలికి స్వయానా బావమరిది. తెలియదని చెప్పడం అతని ఇంటావంటా లేదు.

"కింద కరెంటు తీగ ఉందమ్మా. తడిస్తే ఇంకేమన్నా ఉందా."

ఆ మాట మొదటి అంతస్తుకి మామూలుగానే వెళ్ళింది. మూడో అంతస్తుకి చేరేసరికి ముగ్గురికి షాక్ కొట్టింది. మేనేజరు భవనం ఖాళీ చేయించి, కరెంటు మేస్త్రీని పిలిపించాడు. తోటమాలి పరుగెత్తుకొచ్చేసరికి గునపాలు దిగుతున్నాయి.

"ఏం కూశావురా?"

"నోటికొచ్చింది బావా. ఇప్పుడు కాదంటే నా ఉద్యోగం పోతుంది."

"చెబితే నీది, చెప్పకపోతే నాది. ఏది పోతే మేలో మీ అక్కనే అడుగు."

ఆ మాట అనేసి తోటమాలి మేస్త్రీ దగ్గరికి నడిచాడు. "ఇక్కడ తీగ లేదయ్యా."

"లేదని సంతకం పెడతావా? నేనైతే పెట్టను. దొరికేదాకా తవ్వుతా."

రోడ్డు పక్క కాలువ దాకా తవ్వాడు. తీగ దొరకలేదు, నీళ్ళు దొరికాయి. భవనం కట్టినప్పుడు పూడ్చేసిన సిమెంటు పలక మీద, వేళ్ళ చుట్టూ జానెడు మేర నిలిచిన నీళ్ళు కందకంలో పడి బిరబిరా కాలువలోకి పోయాయి. తోటమాలి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇది సీసాల నీళ్ళ పాపం ఒక్కటే కాదు. ఇన్నాళ్ళూ మునిగి కూడా చావకుండా నిలబడ్డ పొదల్ని చేత్తో నిమిరి, "గట్టి పిండాలే" అన్నాడు. కందకం పూడ్చనివ్వకుండా దాన్నిండా గులకరాళ్ళు పోశాడు.

నెలకి కొత్త చిగుళ్ళు, వాటి మీద బంగారు గుత్తులు. ఛైర్మన్ గేటు దగ్గరే కారు దిగిపోయాడు.

"ఈ ఎండలో, ఈ దుమ్ములో ఇంత పూతా. పచ్చిక మాట ఇంక ఎత్తకండి. అది సరే, నేల కింద తేడా ఉందని కనిపెట్టిందెవరు?"

మేనేజరు కాపలాదారుని ముందుకు తోశాడు. "మొదట హెచ్చరించింది ఇతనే సార్."

బావమరిది నేలచూపులు చూశాడు. "అనుమానం వచ్చిందండి."

తోటమాలికి తోట దక్కింది. బావమరిదికి దూరదృష్టికి గాను ప్రశంసాపత్రం దక్కింది.