బూట్లు ఆరేదాకా

ఆ ఉదయం రమ్జీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. అబ్బాసియా వీధి మొగలో ఉన్న కాఫీ హోటలుకి నజ్లా తండ్రి హాజ్ దర్వీష్ వస్తాడు. పిల్లవాణ్ణి ఎగాదిగా చూస్తాడు. నచ్చితే, కాసేపటికి ఆయన అన్నగారు కూడా వచ్చి, ముగ్గురూ చేతులెత్తి ఫాతిహా చదివి పెళ్లిమాట ఖాయం చేసుకుంటారు. నచ్చకపోతే నజ్లా ఇంకొకరి ఇల్లాలవుతుంది.

"మా నాన్న ముందు కాళ్లు చూస్తాడు, తర్వాతే మొహం," అని నజ్లా ముందే హెచ్చరించింది. "కిందటిసారి వచ్చినవాడు కాలుమీద కాలేసుకుని బూటు అడుగు ఆయన మొహానికి చూపించాడు. టీ కూడా ఇవ్వకుండా పంపేశాడు. ఇంకోటి, మా ఇంట్లో పెద్దవాళ్లొస్తే లేచి నిలబడాల్సిందే, లేకపోతే కొంపలు మునిగిపోతాయి. నీ బూట్ల గురించి ఏడాదిగా ఊదరగొడుతున్నాను, నా పరువు తీయకు."

రమ్జీ బూట్లు ఆషామాషీవి కావు. సాయంత్రంపూట, పాదాలు కాస్త ఉబ్బాక వెళ్లి కొలతలిచ్చి కుట్టించుకున్న దూడతోలు బూట్లు. అడుగు అరిగితే ఊడదీసి కొత్తది కుట్టించుకోవచ్చు. ఒకరోజు తొడిగితే మర్నాడు వాటికి సెలవు, ఆ సెలవులో లోపల కొయ్య అచ్చులు. వాటి పోషణ మీద అతని ఉపన్యాసం వినని ప్రాణి ఆ హోటల్లో లేదు. మేజోళ్ల ప్రస్తావన మాత్రం అందులో ఎన్నడూ వచ్చేది కాదు.

ఇంతా చేస్తే, దారిలో పళ్లరసాల కొట్టువాడు వాకిలి కడుగుతూ, చూడకుండా బకెట్టెడు సబ్బునీళ్లు విసిరాడు. ఆ నీళ్లు నేరుగా బూట్ల మీద పడ్డాయి. రమ్జీ హోటల్లో కూలబడి, పాలిష్ పెట్టె భుజాన వేసుకు తిరిగే ముసలి జాబిర్‌ను కేకేశాడు.

"బాబాయ్, అర్జంటు! పైపైన తుడిచి కాస్త మెరుపు తెప్పించు, చాలు. ఎండలో మాత్రం పెట్టకు, తోలు పగులుతుంది. పొయ్యి దగ్గరికైతే అసలు తీసుకెళ్లకు."

"నాకు తెలీదా నాయనా? ఇప్పటికి వందసార్లు చెప్పుంటావు," అన్నాడు జాబిర్. అందరికీ పరిచినట్టే కాళ్లకింద ఒక అట్టముక్క పరిచి, బూట్లు చంకన పెట్టుకుని అవతలి వీధిలోని తన చోటుకి వెళ్లిపోయాడు. అప్పుడు చూసుకున్నాడు రమ్జీ. కుడి మేజోడు చిల్లులోంచి బొటనవేలు తొంగి చూస్తోంది.

సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకంటే ముందే, హాజ్ దర్వీష్ దిగబడ్డాడు. హోటలంతా లేచింది. రమ్జీ సగం లేచి, వేలు గుర్తొచ్చి, మళ్లీ కూర్చున్నాడు.

"ఏమయ్యా, లేవడానికి బద్ధకమా, బరువా?"

"మోకాలు... మోకాలు పట్టేసిందండీ."

ఆ ఒక్క అబద్ధంతో ఆగిపోయేదే. కానీ టీ అందించే సబ్రీకి రమ్జీ అంటే వల్లమాలిన అభిమానం. "పట్టేయదా మరి! పొద్దున బస్సు కింద పడబోయిన పిల్లాణ్ణి కాపాడాడు కదండీ!" అన్నాడు.

"బస్సు కాదు, లారీ," అన్నాడు మూల బల్ల దగ్గర పాచికలు వేస్తున్న పెద్దమనిషి, కళ్లారా చూసినట్టు.

"తప్పుకోండి! ఎముకలు సర్దడం నాకు వెన్నతో పెట్టిన విద్య," అంటూ సెలూన్ ఫవ్వాజ్ వంగి, రమ్జీ కాలు పట్టుకుని బల్లకింద నుంచి బయటికి లాగాడు. బొటనవేలు హాజ్‌గారికి సలాం కొట్టింది.

"అయ్యో, ప్రాణం పోస్తే బూట్లు కొట్టేశారా!" అన్నాడు సబ్రీ.

"ఆ జాబిర్ గాడే! ఇందాక చంకన పెట్టుకుని పోతుంటే చూశాను!" అన్నాడు పాచికల పెద్దమనిషి. ఆ మాట పూర్తయ్యేలోపు జాబిర్ వట్టి చేతులతో గుమ్మంలోకి వచ్చాడు. పెద్దమనిషి ఒక్క ఉదుటున వెళ్లి ముసలాడి గల్లా పట్టుకున్నాడు.

జాబిర్ మొహం పాలిపోయింది. అది చూసి రమ్జీ తట్టుకోలేకపోయాడు. నజ్లా, హాజ్, చిల్లు అన్నీ మరిచిపోయి ఒక్క గెంతులో గుమ్మం దగ్గర వాలాడు.

"వదలండి! నేనే ఇచ్చాను బూట్లు! బస్సూ లేదు, లారీ లేదు, నా మోకాలు గుండ్రాయిలా ఉంది! మేజోడు చిరిగిందని లేవలేదు, అంతే!"

హోటల్లో హుక్కాల గుడగుడ కూడా ఆగింది.

"అంటే," అన్నాడు హాజ్ నెమ్మదిగా, "నాకోసం లేవలేదు, బూట్లు తుడిచేవాడి కోసం లేచావు."

"అవునండీ," అన్నాడు రమ్జీ తలొంచుకుని. నజ్లా చేజారిపోయిందని అతనికి తెలిసిపోయింది. ఏడుపొచ్చినంత పనయింది.

"ఇంతకీ బూట్లేవి?"

జాబిర్ గల్లా సవరించుకున్నాడు. "రమ్జీ బాబు రోజూ చెప్పేదే చేశానండీ. లోపల పాత పేపర్లు కుక్కి, నీడలో పెట్టాను. రేపు పొద్దున్నకి ఆరతాయి. ఆ మాట చెబ్దామనే వచ్చాను."

"రేపా! అర్జంటన్నాను కదా బాబాయ్!"

"తడి తోలు మీద మెరుపు అద్దడం మోసమని మొన్న నువ్వే కదా అరగంట వాయించావు!"

హాజ్ కాళ్లదాకా వేలాడే తన గలాబియా అంచు కాస్త ఎత్తాడు. అందరూ చూశారు. పెళ్లిమాట కోసమని పెట్టెలోంచి తీసిన ఆయన ఒకే ఒక మంచి జత, ముద్దగా తడిసి ఉంది.

"ఆ పళ్లరసాల వెధవ నన్నూ తడిపాడు. ఇంటికెళ్లి పొయ్యి పక్కన పెడదామని..."

"అమ్మో, వద్దండీ! బిగుసుకుపోయి చెక్కలవుతాయి!" రమ్జీ మోకాళ్లమీద కూర్చుని, ఆయన లేసులు విప్పుతూనే ఉపన్యాసం మొదలుపెట్టాడు. హాజ్ దాన్ని చివరిదాకా విన్నాడు. ఆ హోటల్లో ఎవరైనా ఇష్టపడి వినడం అదే మొదటిసారి.

జాబిర్ రెండో అట్టముక్క పరిచి, రెండో జత పట్టుకెళ్లాడు.

"పరువు పోతుందని తెలిసీ ఆ ముసలాడి కోసం లేచావు చూడు, మా పిల్లకి అది చాలు," అన్నాడు హాజ్. "అన్నయ్య రానీ, ఫాతిహా చదివేద్దాం."

అనడమే తరువాయి, అన్నగారు రానే వచ్చాడు. హోటలంతా లేచింది, ఇద్దరు తప్ప. పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి. హాజ్ దర్వీష్ తన పాదాలు మెల్లగా కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆయన మేజోళ్లకి రెండు వైపులా చిల్లులే.

"ఏమనుకోకు అన్నయ్యా, మా ఇద్దరికీ మోకాలు పట్టేసింది."

పెళ్లికి పెద్దాయన మామకీ అల్లుడికీ చెరో సీసా నొప్పుల తైలం పట్టుకొచ్చాడు.