హారన్ లేని బండి

మా ఊళ్ళో లైసెన్సు ఉండి బండి నడపడం రానివాళ్ళు, బండి నడపడం వచ్చి లైసెన్సు లేనివాళ్ళకన్నా ఎక్కువమంది ఉన్నారని ఈమధ్య తేలింది. ఈ ఘనత సాధించడంలో ముఖ్యపాత్ర వహించిన డ్రైవింగ్ స్కూలు యజమానురాలు, యాభై రెండేళ్ళ గేరు పిన్ని, విమానం నడపడం నేర్చుకోదలిచిందని పౌరులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఆవిడ అసలు పేరు స్కూలు బోర్డు మీద ఉండేది. ఎండకి వెలిసిపోయింది. ముప్పై ఏళ్ళుగా పక్కసీట్లో కూచుని "గేరు మార్చు, గేరు మార్చు" అని అరిచీ అరిచీ ఊరందరికీ గేరు పిన్ని అయింది. నాకు కారు నేర్పింది ఆవిడే అంటే అతిశయోక్తి అవుతుంది గానీ, లైసెన్సు ఇప్పించింది మాత్రం ఆవిడే.

ఆవిడ స్కూల్లో చదువు పదిహేను రోజులు. మొదటి రోజు స్టీరింగు, రెండోరోజు హారన్, మూడోరోజు నుంచి రోడ్డు. క్లచ్చూ బ్రేకూ విద్యార్థి కంగారుపడకుండా పిన్నే తన కాళ్ళ దగ్గరున్న రెండో జతతో నొక్కేది. స్కూల్లో గుమాస్తా పని ఆవిడ భర్తది. ఆయన్ని అందరం బాబాయి అంటాం. ముత్యాల్లాంటి దస్తూరీ. "శిక్షణ విజయవంతముగా పూర్తి చేసినారు" అన్న సర్టిఫికెట్టు ఆయన విద్యార్థి చేరిన రోజే రాసి పక్కన పెట్టేసేవాడు, పదిహేనో రోజున తీరిక ఉంటుందో లేదోనని. ఇక పరీక్ష పెట్టే అధికారి కారు వైపు చూసేవాడు కాదు, పిన్ని మొహం చూసి సంతకం పెట్టేవాడు. ఒక పెద్దమనిషి పరీక్ష రోజునే ఆ లైసెన్సుల ఆఫీసు ప్రహరీగోడ కూలగొట్టాడు. "అభ్యర్థి బండిని ఆపగలిగినారు" అని రాసి ఆయన్నీ పాస్ చేశారు.

ఒక సాయంత్రం పిన్ని నాలుగురోడ్ల కూడలిలో నలభై నిమిషాలు ఇరుక్కుపోయింది. ముందున్న కారులో ఆవిడ శిష్యుడు. వెనకున్న వ్యానులో ఆవిడ శిష్యురాలు. కుడివైపు ఒకరు, ఎడమవైపు ఇద్దరు. అందరూ ఒక చేత్తో హారన్ నొక్కుతూ, రెండో చేత్తో ఆవిడకి వినయంగా నమస్కారం పెట్టారు. ఒక్కరు నాలుగడుగులు వెనక్కి తీస్తే చిక్కు విడిపోయేది. కానీ వెనక గేరు పదిహేను రోజుల పాఠంలో లేదు. అప్పుడు నెత్తిమీద నుంచి ఒక చిన్న విమానం నింపాదిగా మలుపు తిరిగి తన దారిన తాను పోయింది. అక్కడ నా శిష్యులెవరూ లేరు అనుకుందిట పిన్ని.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే బాబాయికి చెప్పింది.

"ఏమండీ, నేను విమానం నేర్చుకుంటాను."

బాబాయి కలం మూత పెట్టి కాస్త ఆలోచించాడు. "సర్టిఫికెట్టు వాళ్ళు రాస్తారా, మనమే రాసుకోవాలా?" అన్నాడు.

ఊరి చివర గడ్డిమైదానం, ఒక రేకుల షెడ్డు, ఒక పొడుగాటి రన్‌వే, గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి కర్రకి కట్టిన గుడ్డసంచి. అదీ విమానాల స్కూలు. మాస్టారు ఒక్కడే. ఇరవై ఏళ్ళు పొలాల మీద పురుగుమందు చల్లే విమానం నడిపి, ఆ మందు వాసనకి నోరు మూసుకోవడం అలవాటై, ఆ తర్వాత తెరవడం మర్చిపోయిన మనిషి. ఆయన పలుకుల్లో పదికి తొమ్మిది "మళ్ళీ" అన్న మాటే. కాబట్టి ఆయన మళ్ళీ మాస్టారు.

మొదటిరోజు పిన్ని నేరుగా వెళ్ళి సీట్లో కూచోబోయింది. మాస్టారు ఒక అట్ట చేతికిచ్చాడు. అందులో నలభై రెండు అంశాలు. చక్రాల్లో గాలి, ఇంజన్లో నూనె, రెక్కల బిగింపులు, పెట్రోలులో నీళ్ళు చేరాయేమో అన్నీ చూడాలి. పిన్ని చూసింది. రెండోరోజు మళ్ళీ అదే అట్ట.

"నిన్న చూశాం కదా మాస్టారూ."

"నిన్న చూసింది నిన్నటికి," అన్నాడాయన.

లోపల కూచున్నాక పిన్ని చెయ్యి అలవాటు ప్రకారం స్టీరింగు చక్రం మధ్యన వెతికింది.

"హారన్ ఎక్కడ?"

"లేదు."

"మరి ఎదురొచ్చేవాడికి మనం వస్తున్నట్టు ఎలా తెలుస్తుంది?"

"చూస్తాడు."

"చూడకపోతే?"

"మనం చూస్తాం."

ముప్పై ఏళ్ళ వృత్తి జీవితంలో ఇలాంటి ఏర్పాటు గురించి పిన్ని వినలేదు.

విమానం నేలమీద పోయేటప్పుడు చక్రం తిప్పితే తిరగదు, కాళ్ళ కింది పెడళ్ళతో తిప్పాలి. పిన్ని చక్రాన్ని చివరంటా తిప్పి కూచుంది. విమానం ఆవిడని లక్ష్యపెట్టకుండా తిన్నగా గడ్డిలోకి పోయింది. గాలిలోకి లేచాక ఇంకో చిక్కు. పిన్నికి భయం వేసినప్పుడల్లా బ్రేకు తొక్కడం అలవాటు. పరాయివాళ్ళు నడిపే కార్లలో ముప్పై ఏళ్ళు ప్రాణాలు కాపాడుకున్న కాలది. ఆ కాలు పెడలు తొక్కినప్పుడల్లా విమానం మూతి ఒకపక్కకి తిప్పుకునేది, అలిగిన ఆడపడుచులా. దిగేటప్పుడు నేల తాకగానే బంతిలా ఎగిరేది. ఎగిరి మళ్ళీ తాకేది. ఒకసారి నాలుగు గెంతులు గెంతింది. "ఒక్కసారి దిగమంటే నాలుగుసార్లు దిగాను, ఎక్కువే కదా," అంది పిన్ని.

"మళ్ళీ," అన్నాడు మాస్టారు.

పదిహేను రోజులయ్యాయి. పద్ధతి ప్రకారం పదహారో రోజున బాబాయి మంచి చొక్కా వేసుకుని మైదానానికి వెళ్ళి, సర్టిఫికెట్టు ఎప్పుడొచ్చి తీసుకోమంటారని మర్యాదగా అడిగాడు. విమానం నడపబోయేది తమరా, ఆవిడా అని మాస్టారు అంతే మర్యాదగా అడిగాడు. బాబాయి చొక్కా నలక్కుండా తిరిగొచ్చాడు.

తర్వాత పిన్ని తన పలుకుబడిని రంగంలోకి దించింది. పురపాలక సంఘం అధ్యక్షుడు ఆవిడ పూర్వవిద్యార్థే. "ఈమె గాలిలో ఎగురుటకు, నేలపై వాలుటకు, అవసరమైనచో రెంటి మధ్యన ఉండుటకు అన్నివిధముల అర్హురాలని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని ముద్ర వేసి ఉత్తరం ఇచ్చాడు. మాస్టారు దాన్ని రెండువైపులా చదివాడు. జాగ్రత్తగా మడిచి తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

"గాలికి చూపించండి. అది ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

నాలుగు నెలలయింది. ఆవిడ తర్వాత చేరిన పళ్ళ డాక్టరు, ఇంకా మీసాలు సరిగ్గా రాని కాలేజీ కుర్రాడు ఒంటరిగా ఎగిరొచ్చేశారు. పిన్ని మాత్రం గెంతుతూనే ఉంది. ఒకరోజు విమానం దిగి షెడ్డులో బల్లమీద కూలబడి, ఉక్రోషం ఆపుకోలేకపోయింది.

"మా స్కూల్లో అయితే ఈపాటికి ఎనిమిదిసార్లు పాసయ్యేదాన్ని మాస్టారూ."

మళ్ళీ మాస్టారు చేతులు తుడుచుకుంటూ, ఆయన జీవితంలోకెల్లా పొడుగైన మాట మాట్లాడాడు.

"మీ స్కూల్లో పాసైనవాళ్ళని నేను రోజూ చూస్తాను తల్లీ. ఇరవై ఏళ్ళు కరెంటు తీగల కింద నుంచి విమానం తోలినవాణ్ణి. ఇప్పుడు ఇంటి నుంచి ఇక్కడికి సైకిల్ మీద వస్తున్నాను. అదీ పొలం గట్ల మీంచి. రోడ్డెక్కడానికి ధైర్యం చాలదు."

వెటకారంగా అనలేదు. వాన పడేలా ఉంది అన్నట్టు అన్నాడు. పిన్ని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. వారం రోజులు రాలేదు. ఆ వారం స్కూల్లో కూడా గేరు మార్చమని ఆవిడ ఎవరిమీదా అరవలేదని, ఇంట్లో కూరలో ఉప్పు వెయ్యడం రెండుసార్లు మర్చిపోయిందని బాబాయి తర్వాత చెప్పాడు. ఎనిమిదోరోజు పొద్దున్నే వచ్చింది. ఎవరూ ఇవ్వకుండానే అట్ట తీసుకుని, నలభై రెండు అంశాలూ చూసుకుంది. చక్రాల దగ్గర ఒంగి రెండోసారి కూడా చూసింది.

ఆ తర్వాత ఇంకో రెండు నెలలకి, గాలి లేని ఒక ఉదయం, మూడుసార్లు ఎక్కించి దింపించాక, మాస్టారు రన్‌వే చివర విమానం ఆపమన్నాడు. తన సీటులోని దిండు చంకలో పెట్టుకుని కిందికి దిగాడు.

"ఎక్కడికి మాస్టారూ?"

"ఒక్క చుట్టు తిరిగి రండి. నా బరువు ఉండదు, తొందరగా లేస్తుంది."

తలుపు వేసి, రెండుసార్లు లాగి చూసి, గడ్డిలోకి నడిచిపోయాడు.

పిన్ని ఖాళీగా ఉన్న పక్కసీటు వైపు చూసింది. ఈ ఆర్నెల్లలో ఆయన తిట్టలేదు, పొగడలేదు, ఆయన ఇలా దిగి తలుపు వేసిన చప్పుడు మాత్రం ఇప్పుడే విన్నది. చెయ్యి తనంతట తానే ఇంజన్ జోరు పెంచే పిడిని ముందుకి తోసింది. విమానం నిజంగానే తొందరగా లేచింది.

పైన ఊరు అరచేతిలో గీతల్లా కనిపించింది. కూడలిలో కార్లు ఎప్పట్లాగే ముడిపడి ఉన్నాయి. ఆ కార్లని చూస్తుంటే పిన్నికి ఒక సంగతి తట్టింది. ముప్పై ఏళ్ళలో తను ఒక్క శిష్యుడి కారులోంచి కూడా ఇలా దిగి పక్కకి తప్పుకోలేదు. దిగడానికి భయం. వీడొక్కడూ నడిపితే ఎవరి మీదికి పోనిస్తాడోనని పదిహేనోరోజు దాకా రెండో బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు. తియ్యకుండానే, పదహారోరోజున చేతిలో కాగితం పెట్టి జనం మధ్యకి పంపేసింది. అలాంటివాళ్ళని పదకొండువేలమందిని.

ఆలోచనలో పడి, ఎత్తు తగ్గించాల్సిన చోటు దాటిపోయింది. రన్‌వే దగ్గరకొచ్చేసరికి విమానం బాగా పైనుంది, వేగం ఎక్కువుంది. నేలమీద అయితే ఇలాంటప్పుడు ఆవిడ చెప్పే మాట ఒకటుంది: ఏం ఫరవాలేదు, పోనీ. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. గడ్డిలో చిన్నగా నించున్న మనిషి కనిపించాడు. చెయ్యి ఊపలేదు, ఏమీ సైగ చెయ్యలేదు.

"మళ్ళీ," అని తనకి తనే చెప్పుకుని, ఇంజన్ జోరు పెంచి పైకి లేచిపోయింది.

రెండో చుట్టులో ఒకే ఒక్కసారి దిగింది. గెంతలేదు. మాస్టారు తలుపు తీసి, దిండు లోపల పెట్టి, "ఊఁ," అన్నాడు. ఆ ఊఁ వినడానికి ఆర్నెల్లు పట్టిందని చెప్పేటప్పుడు పిన్ని కళ్ళు ఇప్పటికీ తడి అవుతాయి.

మిగతా పరీక్షలన్నీ గట్టెక్కి మరో ఏడాదికి పూర్తి లైసెన్సు చేతికొచ్చింది. పురపాలక సంఘం ఘనంగా సన్మానం చేసింది. "ఈమె గగనవిహారానికి పునాది నేను రాసిన ఉత్తరమే," అని అధ్యక్షుడు ముప్పావుగంట మాట్లాడాడు. "భూమ్మీద ఈమె చూపిన ప్రమాణాలే ఆకాశంలోనూ చూపాలి," అని పరీక్షాధికారి కోరాడు. చివర్న పిన్ని లేచి నాలుగే మాటలు చెప్పింది.

"రేపటి నుంచి నా స్కూల్లో పదిహేను రోజుల లెక్క లేదు. నేను కారు దిగి, ధైర్యంగా రోడ్డు పక్కన నించోగలిగిన రోజున సర్టిఫికెట్టు ఇస్తాను. అప్పటిదాకా మళ్ళీ."

సభ కరతాళధ్వనులతో మారుమోగింది. మొదటి వరసలో నేనే లేచి నించుని చప్పట్లు కొట్టాను. ఇలాంటివాళ్ళు ఉండబట్టే సమాజం నిలబడుతోందని పక్కాయనతో అన్నాను, ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

మొదటినెల పిన్ని స్కూల్లో అరవైమంది ఉన్నారు. రెండోనెల పదకొండుమంది. మూడోనెలకి ఇద్దరు, అందులో ఒకరు బాబాయి. ముప్పై ఏళ్ళు సర్టిఫికెట్లు రాసినా ఆయనకి కారు రాదు. ఇప్పుడు రోజూ నేర్చుకుంటున్నాడు, మూడుసార్లు తప్పాడు. ఈలోగా ఎదురుగా మెరుపు డ్రైవింగ్ స్కూలు వెలిసింది. ఏడు రోజులు. పని ఉన్నవాళ్ళు రానక్కర్లేదు, ఫోటో పంపితే చాలు. జనం వీధి చివరిదాకా బారులు తీరారు. ఆ తర్వాత పిన్నికి లైసెన్సుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. "మీ సంస్థలో అభ్యర్థులకు డ్రైవింగు నేర్పుచున్నట్లు పలు ఫిర్యాదులు అందినవి. ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." సంజాయిషీని బాబాయి ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. అది ఇంకా పరిశీలనలో ఉంది.

పిన్ని ఇప్పుడు ఆదివారాలు అడిగినవాళ్ళని విమానంలో తిప్పి తీసుకొస్తోంది. పోయినవారం నేనూ వెళ్ళాను. ఎక్కేముందు, ప్రాణం తీపి కదా, నేర్చుకునేటప్పుడు ఎన్నిసార్లు "మళ్ళీ" అనిపించుకున్నావు పిన్నీ అని అడిగాను. లెక్కపెట్టడం మానేశాను, మూడొందలు దాటే ఉంటుంది అంది. ఆ మాటతో గుండె కుదుటపడి హాయిగా కూచున్నాను. పైనుంచి అంతా చూశాను. పువ్వు మీద సీతాకోకచిలుక వాలినట్టు దింపింది. మనసు నిండిపోయింది.

అట్నుంచి అటే వెళ్ళి మా అబ్బాయిని మెరుపులో చేర్పించాను. పాపం, వాడికి ఊరికే ఆలస్యం ఎందుకు. వచ్చే గురువారం సాయంత్రం ఆరింటికి వాడు మొదటిసారి కారు బయటికి తీస్తాడు. మీరు ఆ వేళప్పుడు రోడ్డు దాటే మనిషైతే కాస్త అటూ ఇటూ చూసుకుని దాటండి. పౌరులకి బాధ్యత ఉండాలి.