నవ్వకండి, కెమెరాలు పోలుస్తున్నాం!

గోడ గడియారం దాకా నీళ్లొచ్చిన పెద్ద వరద తర్వాత నాలుగో ఏడు. ఒక ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా మా ముందుగదిలో రెండు మంచి కెమెరాలు, ఏడు లెన్సులు, వాటిని వాడటం వచ్చిన ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. మొత్తం ఆరు వందల పన్నెండు ఫోటోలు తీశారు. ఒక్కటీ మిగల్లేదు!

అందుకే బల్లగుద్ది చెబుతున్నాను. ఈ కాలం మనిషికి దక్కిన వరాలన్నిట్లోకీ గొప్పది, రెండు కెమెరాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూడటం. కాదనేవాళ్లుంటే మా ఇంటికి రండి. మా అక్క మాట్లాడుతుంది. నాకు అంతగా అలవాటు లేదు.

నాది ఫోటోలకు ఫ్రేములు కట్టే పని. మూడో తరగతిలో నేర్చిన కొలతలతోనే యాభై రెండేళ్లుగా జనం మొహాలను అద్దం వెనక పెట్టి మేకులు కొడుతున్నాను. కెమెరా సంగతి నాకు తెలియకపోవచ్చు, ఫోటో సంగతి తెలుసు. అది చాలా ప్రమాదకరమైన వస్తువు. ఒకసారి తీశారంటే ఉండిపోతుంది! బట్టతల వచ్చినవాడికి పాత జుట్టు చూపించి ఏడిపిస్తుంది. మొహమొహాలు చూసుకోని అన్నదమ్ములను ఒకే బెంచీ మీద భుజాలు కలిపి కూర్చోబెడుతుంది. మనకెందుకండీ ఈ తంటా? హాయిగా కెమెరాలు పోలుస్తూ కూర్చుంటే ఏ గొడవా లేదు కదా!

ఆ ఇద్దరు మగవాళ్లు ఎవరంటారా? ఒకడు మా అబ్బాయి. బ్యాంకులో గుమాస్తా. ఆదివారం వస్తే పిట్టల వెంట పడతాడు. వాడి కెమెరా చిన్నది, తేలిక. దానికి తగిలించే లెన్సు మాత్రం నీళ్ల గొట్టమంత పొడవు. చెట్టు చిటారున కూర్చున్న పిట్ట కంట్లో నలుసుంటే అదీ చూపిస్తుంది. రెండోవాడు మా అల్లుడు. అతనికి ఫోటోలే బతుకుతెరువు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఆఫీసుల్లో వీడ్కోలు సభలు. అతని కెమెరా బరువు. లోపల వెలుతురును పట్టే సెన్సారు పెద్దదట. మసక వెలుతురులోనూ మనిషి మొహాన్ని పట్టపగల్లా తీస్తుంది. వెనకున్న బీరువా, కిటికీకి ఆరేసిన తువ్వాలు, అన్నీ మంచులో కలిసిపోయినట్టు అయిపోతాయి.

అంతే తేడా. దూరంగా ఎగిరేది కావాలంటే మావాడిది. దగ్గరగా కూర్చున్న మొహం కావాలంటే అల్లుడిది. ఒక్క నిమిషంలో తేలిపోయే మాట! కానీ నిమిషంలో తేల్చేస్తే మిగతా ఆదివారం ఏం చేసుకోను?

ఇక మా అక్క సంగతి. ఆమెకు డెబ్బై ఎనిమిది. పైన ముందు పళ్లు రెండే మిగిలాయి. అవీ తలుపు గొళ్లెంలా ఊగుతున్నాయి. సోమవారం తొమ్మిదింటికి వచ్చేయండి, పీకేస్తానన్నాడు పళ్ల డాక్టరు.

"ఒరేయ్ తమ్ముడూ, పీకకముందే నా సొంత పళ్లతో నవ్వుతూ ఒక్క ఫోటో కావాలిరా" అంది అక్క. "ఆ తర్వాత పెట్టేవి వాడి పళ్లు. వాటితో నవ్వితే నవ్వు నాదెట్లా అవుతుంది?"

అప్పటిదాకా ఆమె తీయించుకున్నది ఒక్కటే ఫోటో, పెళ్లినాటిది. అందులో నోరు కుట్టేసినట్టు ఉంటుంది. నవ్వొద్దని ఫోటోగ్రాఫరు గద్దించాడట. ఆ ఒక్కటీ వరదలో నానింది. నీళ్లు తీశాక వీధి వీధంతా తడిసిన ఫోటోలను పళ్లేల్లో పెట్టుకుని నా దుకాణానికి వచ్చింది. ఒకదాన్నుంచి ఒకటి ఊడదీసి, ఆరబెట్టి, ఎవరివి వాళ్లకు ఇచ్చాను. అక్క ఫోటో మాత్రం నా చేతిలోనే మెత్తటి ముద్దయిపోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఆమెకు అలవాటు లేదు కాబట్టి నాకు ఇంకా గుర్తుంది.

అందుకని, అక్క అడగ్గానే ఫ్రేము కట్టేశాను. ఫోటో చేతికి రాకుండా ఫ్రేము కట్టే తెలివితక్కువ పని యాభై రెండేళ్లలో అదే మొదటిసారి. అక్క దాన్ని ఖాళీగానే తీసుకెళ్లి ముందుగదిలో మేకుకు తగిలించింది. శనివారమంతా అందులోని అట్ట మా అందరి మొహాలూ చూస్తూ కూర్చుంది.

ఆదివారం ఇద్దరూ కెమెరాలతో దిగారు. అక్క తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే నవ్వింది.

"నవ్వకండి పెద్దమ్మా!" అన్నాడు అల్లుడు. "ఇందులో ఒకలా, అందులో ఒకలా నవ్వితే పోలిక తప్పిపోతుంది. రెండిట్లోనూ మొహం ఒకేలా ఉండాలి."

"ఫోటోకి కూర్చున్నానా, పరీక్ష రాస్తున్నానా?"

"పరీక్ష రాసేది కెమెరాలత్తా" అన్నాడు మావాడు. "నువ్వు ప్రశ్నపత్రానివి. కదలకు."

చూశారా, ఎంత మర్యాదో! డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని పట్టుకుని ప్రశ్నపత్రం అన్నవాడు లోకంలో ఇంకొకడున్నాడా? అక్క నోరు మూసుకుంది. మా అక్క నోరు మూయించడం ఆమె అత్తగారి వల్ల కాలేదు. రెండు కెమెరాల వల్ల అయింది. ఇది వరం కాక మరేమిటి?

తర్వాత, న్యాయంగా ఉండాలంటే రెండు కెమెరాలకూ ఒకే లెన్సు పెట్టి చూడాలన్నారు. ఇతని లెన్సు అతని కెమెరాకు ఎక్కదు. అతనిది ఇతనికి బిగియదు. విప్పుతారు, ఊదుతారు, తుడుస్తారు, బిగిస్తారు, మళ్లీ విప్పుతారు. మా ఆవిడ నాలుగుసార్లు టీ పెట్టింది. నాలుగుసార్లూ టీ చల్లారింది. చల్లారిన టీ కప్పును మాత్రం ఇద్దరూ పదకొండు ఫోటోలు తీశారు. అంచు ఎవరి దాంట్లో పదునుగా వస్తుందో చూడాలట.

ఇంట్లో ఎన్ని మేళ్లు జరిగాయో చెప్పమంటారా? ఎదురింటి గోడలో ఎన్ని ఇటుకలున్నాయో తేలింది. మా గడియారం నిమిషాల ముల్లు మీద సాలీడు కాపురం పెట్టిందని తెలిసింది. ఏ మాటకొస్తే ఆ మాటే, కిందటి ఏడాదంతా ఒకరితో ఒకరు ముక్తసరిగా మాట్లాడుకున్న బావా బావమరుదులు ఆ రోజు తొమ్మిది గంటలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుకున్నారు.

"నీ కెమెరాతో పిట్టలు తప్ప ఏం తీస్తావు బావమరిదీ? మనిషిని తీస్తే ముక్కు ముందుకొచ్చి పిట్టలాగే కనిపిస్తాడు."

"నీ కెమెరా మోసీ మోసీ నీ భుజం ఒకవైపు వంగిపోయింది బావా. ముందు నువ్వు నిటారుగా నిలబడు, తర్వాత మాట్లాడదాం."

"ఒరేయ్, నా మెడ పట్టేసిందిరా" అంది అక్క, పెదాలు కదపకుండా.

నాకైతే ఈ పద్ధతి లోకమంతా పాకాలని ఉంది. యుద్ధానికి దిగేవాళ్లు ముందు తుపాకులను ఇలా పోల్చి చూసుకోవాలని పట్టుబడితే ఒక్క గుండైనా పేలుతుందా? దొంగలు ఏ గునపం మంచిదో తేల్చుకునేదాకా కన్నం వేయమని కూర్చుంటే మనం తలుపులు తీసి పడుకోవచ్చు! అంతదాకా ఎందుకు, ఆ పళ్ల డాక్టరు కూడా రెండు పటకార్లు ముందేసుకుని పోల్చుకుంటూ కూర్చుంటే మా అక్క పళ్లు ఇంకో ఏడాది పదిలంగా ఉంటాయి. కానీ అతనికి ఒక్కటే పటకారు ఉందట. అదీ మా ఖర్మ!

మధ్యాహ్నం మావాడి కన్ను గోడ మీది ఫ్రేము మీద పడింది.

"నాన్నా, ఇది ఎంత కొలత?"

"పన్నెండుకి పది."

నేను ఆ రోజు అన్నది అదొక్క మాటే. అనకుండా ఉండాల్సింది. నా దగ్గర అప్పుడు మిగిలిన అద్దం ఆ కొలతది, అంతకన్నా ఏమీ లేదు. కానీ ఇద్దరి ఫోటోలూ ఒక ఆకారం కావట. మావాడి కెమెరా ఫోటో కాస్త పొట్టిగా, వెడల్పుగా వస్తుంది. అల్లుడిది పొడుగ్గా వస్తుంది. పన్నెండుకి పది ఫ్రేములో ఏదీ కోయకుండా పట్టదు.

"నీదే ఎక్కువ కోయాలి బావా!"

"కోస్తే ఏం? కోశాక కూడా నాదాంట్లో మిగిలేది నీదానికన్నా ఎక్కువ. మామయ్యగారూ, మీరే చెప్పండి."

నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. వచ్చేసరికి గంటన్నర గడిచింది. వాళ్లిద్దరూ కిటికీ బయట కరెంటు తీగ మీది కాకిని ఎగిరించి, ఎగిరేటప్పుడు ఎవరికి దొరుకుతుందో చూస్తున్నారు. అక్క కుర్చీలోనే ఉంది. చెదిరిన జుట్టు మూడోసారి దువ్వుకుంటోంది.

సాయంత్రం ఆ ఆరు వందల పన్నెండూ కంప్యూటర్లోకి ఎక్కించారు. తెర నిండా ఏదో తెల్లటి తాడు కనిపించింది.

"చూశారా పెద్దమ్మా, మీ కనురెప్ప వెంట్రుక! ఎంత స్పష్టంగా వచ్చిందో!"

"బాగుంది నాయనా. నా పళ్లేవి?"

"పళ్లెలా కనిపిస్తాయండీ? నోరు మూసుకున్నారుగా."

మావాడు ఏదో నొక్కాడు. తెర ఖాళీ అయింది.

"అన్నీ తీసేశావేంట్రా?" అంది అక్క.

"అవన్నీ టెస్టు షాట్లత్తా. టెస్టు షాట్లు ఎవరైనా దాచుకుంటారా? అసలు ఫోటో రేపు తీద్దాం. నేను సెలవు పెట్టాను. బావ కూడా ఇక్కడే ఉంటాడు. పదింటికి వెలుతురు ఇద్దరికీ సమానంగా పడుతుంది."

"రేపు పదింటికి నా పళ్లు డాక్టరు పళ్లెంలో ఉంటాయిరా. వెళ్లి వాటికి తీసుకోండి, కదలకుండా ఉంటాయి."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అక్క నవ్వలేదు. రోజంతా నవ్వకుండా ఉండటం నేర్పించారు కదా, బాగా వంటబట్టింది! లేచి గోడ దగ్గరకు వెళ్లి, ఖాళీ ఫ్రేమును గోడవైపుకు తిప్పేసి, తన గదిలోకి వెళ్లిపోయింది.

అయ్యా, అమ్మా, ఇంతసేపూ పొగిడిన వరాన్ని మర్నాడు పొద్దున నా చేతులారా నేనే పాడు చేశాను. ఒప్పుకుంటున్నాను.

ఏడు గంటలైంది. ఇద్దరూ ఇంకా లేవలేదు. కెమెరాలు బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. చేతికి అందినదాన్ని తీసుకున్నాను. అక్క వంటింటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. తల దువ్వుకోలేదు. పాత చీర.

"ఏంట్రా తమ్ముడూ అది, తలకిందులుగా పట్టుకున్నావు?"

తిప్పి పట్టుకున్నాను. ఎక్కడ నొక్కాలో వెతుక్కున్నాను. అక్క నన్ను జాలిగా చూస్తోంది. ఆ మొహంలో పళ్లు కనిపించడం లేదు. ఇక తప్పక నోరు విప్పాను.

"నవ్వకక్కా" అన్నాను. "పోలిక తప్పిపోతుంది."

గ్లాసులో టీ ఒలికి చీర మీద పడింది. అంత నవ్వు! టక్కుమని నొక్కాను.

కెమెరాను సంచిలో వేసుకుని ఎనిమిదింటికల్లా ఫోటోలు ప్రింటు వేసే దుకాణంలో ఉన్నాను. పెద్ద సైజులో రెండు వేయించాను. ఆ ఫోటోను కెమెరాలోంచి తీసేయమంటే దుకాణాయన తెల్లబోయి చూశాడు. "టెస్టు షాటు" అన్నాను. ఒక ప్రింటు, ఈసారి ఏ వరదా అందుకోలేనంత ఎత్తున, మా అటక మీదికి చేరింది. కెమెరా ఎక్కడిదక్కడ బల్ల మీదికి చేరింది. తొమ్మిదింటికి అక్క పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చుంది. పక్క గదిలో బెంచీ మీద కూర్చుని, తెచ్చుకున్న బ్లేడుతో రెండో ప్రింటును నాలుగు వైపులా కోశాను. పన్నెండుకి పది.

పదింటికి బావా బావమరుదులు లేచి వచ్చేసరికి ఫ్రేము మళ్లీ ముందువైపుకు తిరిగి ఉంది. అందులోని ఫోటోలో గుమ్మం ఓరగా పడింది. టీ చుక్కలు గాలిలో ఉన్నాయి. రేగిన తెల్లజుట్టు మధ్య అక్క మొహం, ఆ మొహం నిండా నోరు, నోట్లో రెండు పళ్లు.

ఇద్దరూ దగ్గరకు వెళ్లి చూశారు. దూరం జరిగి చూశారు. తల పక్కకు వంచి చూశారు.

"వెనక గోడ మసకగా ఉంది చూడు, ఇది నా కెమెరా."

"గాలిలో టీ చుక్క ఆగిపోయింది చూడు బావా, ఇది నాదే. నాన్నా, ఏ కెమెరా?"

అక్క నోట్లో దూది పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. మాట్లాడొద్దన్నాడు డాక్టరు. నా వైపు చూసి దూదితోనే నవ్వింది.

కోయకముందు ఆ కాగితం పొట్టిగా ఉందో పొడుగ్గా ఉందో నాకు తెలుసు. చెబితే పోలిక అక్కడితో ఆగిపోతుంది. అది ఆగిపోతే పాపం ఇద్దరూ ఫోటోలు తీయాల్సి వస్తుంది. లోకానికి అంత చేటు నేను చేస్తానా?

చెప్పులేసుకుని దుకాణం తెరవడానికి వెళ్లిపోయాను. కోసిన నాలుగు ముక్కలూ నా చొక్కా జేబులోనే ఉన్నాయి.