సేవ్ చేయనివారే ధన్యులు

కంప్యూటర్‌లో కష్టపడి చేసుకున్నది సేవ్ చేయకుండా పోగొట్టుకోవడం కన్నా గొప్ప భాగ్యం ఈ కాలంలో ఇంకొకటి లేదు. నవ్వకండి. నేను బడికి పోయింది తక్కువే కానీ, మా ఇంట్లో జరిగింది చూశాక ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

మా చర్చి స్త్రీల సమాజానికి యాభై ఏళ్లు నిండాయి. ఆ పండుగకు పాత ఫోటోలన్నీ ఆదివారం ఆరాధన తర్వాత తెర మీద చూపించే పనిని పాస్టరమ్మ మా మనవరాలు షారోన్‌కు అప్పగించింది. దాన్ని ప్రెజెంటేషన్ అంటారట. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లలో ఇప్పటికి మిగిలింది నేనొక్కదాన్నే. అందుకని పేర్లు చెప్పే పని నాకు పడింది.

శుక్రవారం సాయంత్రం షారోన్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. ఎంత ముద్దుగా అడిగిందనుకున్నారు!

"పేరు చెప్పు నానమ్మా. పోస్టు చెప్పు. గంతే, ముచ్చట్లు పెట్టకు."

"గీమె ఉన్నది సూడు బిడ్డా, గీమె..." అని నేను నోరు తెరిచేలోపే టకటకా కొట్టేసి తర్వాతి ఫోటోకు పోయేది. పోలీస్ స్టేషన్‌లో కూడా మనిషి చెప్పేది ఇంతకంటే ఎక్కువ వింటారు.

తెల్లవారి శనివారం. రేపే పండుగ. షారోన్ పొద్దున్నే హాల్లో కూర్చుని ఆఖరి ఫోటోలు సర్దుతోంది. దాని ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, గోడకు ప్లగ్గు ఉంటేనే ప్రాణం. మా కోడలు సుప్రియ దోసెల్లోకి పల్లీల చట్నీ చేయబోయింది. వంటింట్లో సాకెట్ పాడై ఉంది కదా, మిక్సీ పట్టుకుని హాల్లోకి వచ్చి, గోడకున్న ప్లగ్గు పీకి మిక్సీది పెట్టింది.

తెర నల్లబడింది. చట్నీ మాత్రం మెత్తగా వచ్చింది.

"మమ్మీ, ఏం పీకినవ్?"

"మిక్సీ పెడ్తాన. అయిపోయినంక మల్ల పెడ్త తియ్."

"నేను సేవ్ చెయ్యలే మమ్మీ."

"నిన్నటిసంది గదే పట్టుకొని కూసున్నవ్. మరి ఏం చేసినట్టు?"

ఈ సేవ్ అనే మాట నాకు కొత్త కాదు. నా చిన్నతనంలో ఉజ్జీవ సభలకు వచ్చిన దొర ఒకాయన వేదిక మీద చెయ్యెత్తి "ఆర్ యు సేవ్‌డ్?" అని గద్దించేవాడు. పక్కన తర్జుమా చేసే ఆయన "రక్షణ పొందావా?" అని ఇంకా గట్టిగా గద్దించేవాడు. కంప్యూటర్ కూడా మూసే ముందు అదే ప్రశ్న అడుగుతుందట, పాపం, గద్దించకుండా. ప్లగ్గు పీకితే మాత్రం అడిగే వ్యవధి దానికీ ఉండదు. చావు కూడా అంతే కదా!

ఇక మా ఇంట్లో జరిగిన మేళ్లు వినండి.

నా కొడుకు సుందర్ రావు మోకాళ్ల నొప్పులని చర్చిలో ప్రార్థనకు కూడా కుర్చీ దిగడు. ఆ పొద్దున ప్లగ్గు మళ్లీ పెట్టడానికి టేబుల్ కింద మోకాళ్ల మీద వంగి, నుదురు నేలకు ఆనించాడు. "ప్రభువా" అని కూడా అన్నాడు. తల టేబుల్‌కు తగిలింది లెండి. అయినా అన్నాడు కదా! ఎంతమంది పాస్టర్ల వల్ల కానిది ఒక మిక్సీ వల్ల అయింది.

ఇదే భాగ్యం ఊరంతటికీ దొరికితే ఎలా ఉంటుంది? కాలేజీలో స్లైడ్లు మాయమైతే తెర వైపు తిరిగి చదివే సారు పిల్లల వైపు తిరుగుతాడు. ఆయన మొహం ఎలా ఉంటుందో పిల్లలకు తెలుస్తుంది. మున్సిపాలిటీ ఆఫీసు మీటింగులో ప్రెజెంటేషన్ ఎగిరిపోతే, నల్లాలో నీళ్లు వస్తున్నాయా లేదా అని ఒక్క ముక్క అడిగి అందరూ అన్నం వేళకు ఇల్లు చేరుతారు. పెళ్లి రిసెప్షన్‌లో పెళ్లికొడుకు పసితనపు స్నానం ఫోటో తెర మీదికి రాకుండా ఆగిపోతుంది. ఎన్ని కాపురాల పరువు దక్కుతుంది!

సరే, మా ఇంటికి వస్తాను. ల్యాప్‌టాప్ మళ్లీ వెలిగింది కానీ ఫైలు లేదు. షారోన్ ఏడుపు మొహంతో విన్సెంట్‌కు ఫోన్ చేసింది. విన్సెంట్ మా సుప్రియ తమ్ముడు, బడిలో కంప్యూటర్లు నేర్పుతాడు. క్లాసులో ఉన్నానని, తాను మళ్లీ ఫోన్ చేసేదాకా ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దని చెప్పాడు.

ముట్టుకోవద్దన్నాడు! అలా ల్యాప్‌టాప్ లేకుండా, పాత ఫోటోల కట్ట ఒక్కటే పట్టుకుని నా మనవరాలు నా మంచం మీదికి వచ్చి కూర్చుంది.

"మల్ల మొదటికెల్లి చెప్పు నానమ్మా. యాదిపెట్టుకుంట. గీమె ఎవలు?"

"కట్టమ్మ. కోశాధికారి."

"నోటికి కొంగెందుకు అడ్డం పెట్టుకున్నది?"

చూశారా, నిన్న ఆ కొంగు దానికి కనబడనే లేదు.

"డోర్నకల్ సభలకు పాసింజర్ల పోతానం బిడ్డా. కట్టమ్మ కిటికి కాడ కూసోని పాడుతాంది. కేసముద్రం దాటినంక గొంతు పెంచింది సూడు, పళ్ల సెట్టు ఎగిరి పట్టాల మీద పడ్డది. ఇగ సభలు అయిపోయేదాంక కొంగు తియ్యలే. గప్పటి ఫోటో గిది."

"అయ్యో. మరి పళ్లు?"

"తర్వాతి ఆదివారం ఆరాధన నడుస్తాంది. పట్టాల మీద పనిచేసే రాయమల్లట, తువాల్ల మూటగట్టుకొని అచ్చిండు. పాటలు పాడుకుంట పోయిన రైలు డబ్బ మీదేనా అమ్మా, గీ పళ్లెవలియి అన్నడు. అప్పటికే రెండు చర్చిలు తిరిగి అచ్చిండట."

"కట్టమ్మ లేశిందా?"

"లేవక? పాస్టరయ్యగారు కానుకల పళ్లెంల పెట్టిచ్చి మరీ పిలిశిండ్రు."

షారోన్ మంచం మీద దొర్లి నవ్వింది. నవ్వి నవ్వి, "గీ ముచ్చట నిన్నెందుకు చెప్పలే నానమ్మా?" అంది.

"నువ్వు పేరు, పోస్టు అడిగినవ్ బిడ్డా."

అది ఇంకా దగ్గరికి జరిగి, తర్వాతి ఫోటో తీసింది. అందులో పూలమ్మ గొడుగు పట్టుకుని ఉంది. "ఆ రోజు ఎండ లేదు, వాన లేదు," అని మొదలుపెట్టాను. "మరి గొడుగెందుకు?" అంది. చెప్పబోయాను. ఫోన్ మోగింది.

"ఫైల్ల ఇన్ఫో నొక్కు. మేనేజ్ ప్రెజెంటేషన్ అని ఉంటది, దాన్ల రికవర్ అన్‌సేవ్డ్ అని కనవడ్తదా?" అంటున్నాడు విన్సెంట్.

సేవ్ కానివాటిని కంప్యూటర్ వెంటనే నరకానికి పంపదట. కొన్నాళ్లు ఒకచోట ఉంచుతుందట. అలాంటి చోటు మా ప్రొటెస్టెంట్లకు లేదు. విన్సెంట్ వాళ్ల కతోలికులకే ఉంది, పరలోకానికి పోయే ముందు ఆత్మలు ఆగే ఉత్తరించు స్థలమని. ఇన్నేళ్లూ మా వియ్యపురాలితో లేదు లేదని వాదించాను. కంప్యూటర్ ఆమె వైపు సాక్ష్యం చెప్పింది.

ఫైలు చెక్కుచెదరకుండా వచ్చింది.

"దొరికింది నానమ్మా! ఇగ నువ్వు పండుకో."

నేనింకా పొద్దున దోసె కూడా తినలేదు, పడుకోమంది.

ఆదివారం ప్రెజెంటేషన్ అద్భుతంగా జరిగింది. "కట్టమ్మ, కోశాధికారి" అని తెర మీద పడగానే షారోన్ ల్యాప్‌టాప్ దగ్గరి నుంచి నా వైపు చూసి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నిండు చర్చిలో మేమిద్దరమే నవ్వాం. తర్వాత "పూలమ్మ, కార్యదర్శి" అని గొడుగు ఫోటో వచ్చింది. మళ్లీ నా వైపు చూసింది. ఈసారి దానికి నవ్వడానికి ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక గొడుగు సంగతి అడుగుతుందేమోనని చూశాను. కాలేజీలో ఇంకో ప్రెజెంటేషన్ ఉందట, ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. సగంలో ఆగిన నా ముచ్చటకు ఏ బటన్ నొక్కాలో విన్సెంట్‌కూ తెలియదు.

నిన్న వంటింటి సాకెట్ బాగుచేస్తానని కరెంటు పని చేసే ఎల్లస్వామి వచ్చాడు. గేటు దగ్గరే ఆపాను.

"అది మంచిగనే ఉన్నది కొడుకా. మల్లెప్పుడన్న రా."

దోసెలకు నానబోశాను. పల్లీలు కూడా నేనే వేయించి మిక్సీ పక్కన పెట్టాను.