పాడు టీవీలో విశ్వం

ఆ ఆదివారం పొద్దున బోగోసావ్ మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. అత్తగారి సామాన్ల గదిలో పడి ఉన్న పాత టీవీని తోపుడు బండి మీద, ఆదివారాలు తాను పాఠం చెప్పే ఊరి సంస్కృతి భవనానికి చేర్చాలి. ఆ టీవీలో బొమ్మ రాదు. తెర నిండా తెల్లచుక్కలు గిజగిజలాడుతూ, పెనం మీద నీళ్లు చిలికినట్టు చుయ్‌మంటూ ఉంటుంది. మాస్టారికి కావలసింది సరిగ్గా అదే. విశ్వం పుట్టిన కొత్తలో బయలుదేరిన వెలుగు ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ వస్తూనే ఉందనీ, ఆ చుక్కల్లో నూటికొకటి దాని పుణ్యమేననీ, ఖగోళశాస్త్రంలో ఓనమాలు దిద్దుకునేవాళ్లకు కళ్లారా చూపించాలని ఆయన ఆశ.

ఆశ వెంట గండం కూడా ఉంది. తరగతికి వచ్చేది ముగ్గురంటే ముగ్గురు. "ఈ ఆదివారం పదిమందైనా కూర్చోకపోతే హాలు డాన్సు వాళ్లకి ఇచ్చేస్తా" అని భవనం డైరెక్టరు రొడోల్యూబ్ తేల్చి చెప్పేశాడు. మొరావా నది ఒడ్డున ఆ చిన్న ఊళ్లో, ఆకాశం గురించి మాట్లాడుకోవడానికి అంతకు మించి చోటు లేదు.

వీధి మలుపులో, అక్కడి బిల్డింగులో ఉండే స్తామెంక బండికి అడ్డంగా నిలబడింది.

"ఏం మాస్టారూ, టీవీ చచ్చిందా?"

"లేదమ్మా, బాగానే ఉంది. బొమ్మ రాదంతే."

"బొమ్మ రాకపోతే ఇంకా బాగుండటమేంటయ్యా! మా ఆయన విదాక్ లేడూ? ఊళ్లో సగం ఇళ్లకి కరెంటు పెట్టిన మనిషి!"

"వద్దు స్తామెంకా. నాకిలాగే కావాలి."

ఆ మాటను స్తామెంక తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. పాపం, బాగుచేయించుకునే స్తోమత లేక అభిమానపడుతున్నాడు. అభిమానపడేవాణ్ణి అడిగి సాయం చేయకూడదు, అడక్కుండా చేసెయ్యాలి. ఆ వీధి మర్యాద అది. "సరేలే, కాఫీ తాగి వెళ్దురుగాని" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. కాఫీ వెనక ప్లం సారా, సారా వెనక చెంచాడు పండ్లపాకం. మాస్టారు బయటపడేసరికి విదాక్ టీవీ వెనక మూత బిగిస్తున్నాడు.

"వాల్వు మార్చేశా. గొంతు పోయింది గానీ బొమ్మ ఖాయం. స్టేషన్ మార్చే బిరడా వదులైతే అగ్గిపుల్ల కొట్టి బిగించా. ఇంక చచ్చినా కదలదు. డబ్బు మాటెత్తకండి మాస్టారూ, మనలో మనకేంటి!"

"కానీ యాంటెన్నా లేదుగా!" అన్నాడు మాస్టారు ఆశగా. ఆ మాట అనకుండా ఉండాల్సింది. విదాక్ నుదురు కొట్టుకున్నాడు, తమ బిల్డింగు పైకెక్కాడు, అక్కడి యాంటెన్నా ఊడదీసి తెచ్చి సంస్కృతి భవనం మీద నిలబెట్టాడు. బిల్డింగు మొత్తానికీ ఉన్నది అదొక్కటేనన్న సంగతి, మంచిపని చేసే ఊపులో ఆయనకు తట్టలేదు.

మధ్యాహ్నం, సరిగ్గా తరగతి వేళకే, టీవీలో బాస్కెట్‌బాల్ ఫైనల్. బిల్డింగులో అందరి బొమ్మలూ ఒక్కసారే పోయాయి. జనం తిట్టుకుంటూ మెట్లు దిగి, యాంటెన్నా ఏ కప్పు మీదుందో చూసుకుని, పొద్దుతిరుగుడు గింజల పొట్లాలతో సహా ఆ కప్పు కిందికే వచ్చి కూర్చున్నారు.

"మొట్టమొదట మనకు కనిపించే ఈ విశ్వమంతా ఆవగింజకన్నా చిన్నగా..." మాస్టారు పాఠం ఎత్తుకున్నాడు.

"పక్కకి జరగండి మాస్టారూ, బంతి కనబడట్లేదు!"

"అంత చిన్నదాన్ని విరామంలో చూద్దాంలెండి!"

మాస్టారికి ఓపిక చచ్చింది. ఉన్న ముగ్గురు విద్యార్థుల్లో ఒకతె, మందుల షాపులో పనిచేసే నెవెంకను పిలిచి, "పైకెళ్లి ఆ యాంటెన్నా తీగ పీకెయ్ తల్లీ" అని గుసగుసలాడాడు.

ఆమె అటు వెళ్లిందో లేదో, డైరెక్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడినుంచి టీవీ వీపే కనిపిస్తుంది.

"ఇంతమందా? తరగతికే?" అంటూ తెర చూద్దామని ముందుకు నడిచాడు.

బొమ్మ ఉంటే బండారం బయటపడుతుంది. పోతే జనం పోతారు. దేనికని మొక్కుకోవాలో మాస్టారికి తేలకముందే తెరంతా చుక్కలైపోయింది.

హాలు ఘొల్లుమంది. ఆడామగా లేచి నెత్తీనోరూ బాదుకున్నారు. విదాక్ అయితే కుర్చీ తన్నాడు.

డైరెక్టరు చుక్కల వంక చూశాడు, జనం వంక చూశాడు. "ఏమైంది వీళ్లకి?"

"విశ్వం పుట్టుక సార్" అన్నాడు మాస్టారు. "కొందరు తట్టుకోలేరు."

"పాఠానికి వచ్చినవాళ్లు చేతులెత్తండి!"

స్తామెంక మాస్టారి మొహం చూసింది. పాలిపోయి ఉంది. ఆమె చెయ్యెత్తి, మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఆయనెత్తాడు. ఆయన వెనక హాలంతా ఎత్తింది.

డైరెక్టరు కళ్లు చెమర్చాయి. "శాస్త్రం మీద ఇంత ప్రేమ ఉందని నాకు తెలీదు. హాలు మీదే! చేతులెత్తినవాళ్లంతా ప్రతి ఆదివారం రండి. ఎవరైనా మానేశారో, వాళ్లింట్లో పెళ్లికి ఈ హాలు ఇవ్వను!"

"మొత్తం పాఠమా?" విదాక్ గొంతు సన్నబడింది. "మొదటినుంచీనా?"

"విశ్వాన్ని మధ్యలోంచి ఎవడు మొదలుపెడతాడయ్యా?"

ఆ శీతకాలమంతా బిల్డింగు జనం కోట్లు బిగించుకుని ఆదివారాలు అక్కడే కూర్చున్నారు. మాస్టారు దేన్నీ వదిలిపెట్టకుండా చెప్పే మనిషి. మార్చి వచ్చేసరికి ఇంకా సూర్యుడు పుట్టలేదు.